అభ్యంతరం ఉన్నవారెవరైనా

ప్రేమ్ కుమార్ పోయిన రోజు రాజోలులో మామూలుగానే ఎండ కాసింది. ఆయన భార్య శారోన్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతోంది. హెడ్మాస్టరుగారు గుమ్మం దాకా వచ్చి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డారు. ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చింది.

జొన్నాడ దగ్గర హైవే మీద లారీ తగిలి ఆయన కారు కాలవలో పడింది. పోలీసులు ప్రమాదం అని రాసుకున్నారు. కారులో పర్సు దొరికింది. ఇంటికని కొన్న పూతరేకుల డబ్బా, గట్టిగా చుట్టి ఉండడంతో, తడవకుండా దొరికింది. ల్యాప్‌టాప్ మాత్రం దొరకలేదు.

ల్యాప్‌టాప్ ఏమైందని అడిగిన మనిషి ఒక్కడే. ప్రేమ్ కుమార్ తమ్ముడు శ్యామ్ బాబు. ఇంట్లోవాళ్లకు తెలిసినంత వరకు అతను కొబ్బరి ఎగుమతుల ఇన్‌స్పెక్టరు. అతని అసలు ఉద్యోగం పేరు ఏ ఆఫీసు బోర్డు మీదా ఉండదు.

జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్న రోజు ఉదయం అతనికి కబురు వచ్చింది. గళ్ల లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టి, చొక్కాకి పీచు దుమ్ము పట్టించుకుని మలికిపురం కొబ్బరి యార్డుకి వెళ్లాడు. కాయలు ఒలిచేవాళ్లెవరూ తల ఎత్తి చూడలేదు. గుమస్తా మాత్రం చూశాడు.

"ఎండు కురిడీ కాయలున్నాయాండీ?"

"కాయలో నీళ్లింకా ఇంకలేదండీ."

"ఇంకేదాకా ఉంటాను."

గుమస్తా వెనక ఉన్న తలుపు తెరుచుకుంది.

లోపల ఫ్యాను కింద ప్రసన్నకుమారి గారు కూర్చుని ఉన్నారు. శ్యామ్ బాబు పనిచేసే గూఢచారి ఏజెన్సీ రీజినల్ డెస్క్‌కి ఆవిడే చీఫ్. తెల్ల నేత చీర, మెడలో గొలుసుకి వేలాడుతున్న కళ్లజోడు. చూసినవాళ్లు సండే స్కూలు సూపరింటెండెంటు అనుకుంటారు.

"కూర్చో."

"నిలబడతానండీ."

"మీ అన్నది ప్రమాదం కాదు. లారీ నంబరు ప్లేటు దొంగది. డ్రైవరు మాయమైపోయేడు. ఇది నీకు మాత్రమే చెబుతున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. ఇది ఆర్డరు."

"ఆయ్," అన్నాడు శ్యామ్ బాబు.

ఆవిడ బ్రీఫింగ్ మొదలుపెట్టారు. ఒక విదేశీ ముఠా. ఏజెన్సీ ఫైళ్లలో దాని పేరు గ్రే గేట్. బాంబులు పెట్టదు, ఎవరినీ ఎత్తుకుపోదు. చిప్పుల డిజైన్లు అమ్ముతుంది. ఏ చిప్ అయినా తయారుకాక ముందు ఒక భాషలో రాయాలి. దాన్ని హార్డ్‌వేర్ డిస్క్రిప్షన్ లాంగ్వేజ్ అంటారు. ఆ భాషలో ఏ మాటకు ఏ అర్థమో తేల్చే పుస్తకమే స్టాండర్డ్. కొన్నేళ్లకోసారి ఒక వర్కింగ్ గ్రూప్ కూర్చుని దాన్ని సవరిస్తుంది. అందులో సంస్థకో ఓటు. ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీకీ ఒకటే. ప్రేమ్ కుమార్, ఆయన గురువు శ్రీరామచంద్రమూర్తి మాస్టారు కలిసి అమలాపురంలో ఒక బట్టల కొట్టు మేడ మీద పెట్టిన ల్యాబ్‌కీ ఒకటే.

"తగాదా ఉన్న సవరణలు చర్చకు వస్తాయి," అన్నారు ప్రసన్నకుమారి గారు. "ఓటింగు జరుగుతుంది. ఓడిపోయినవాడి అభ్యంతరానికి కూడా జవాబు రాసి పంపుతారు. మన చర్చి పాస్టరేట్ కమిటీ కంటే మర్యాదస్థులు. తగాదా లేనివి, అంటే అచ్చుతప్పులూ, పేజీ నంబర్లూ, అవన్నీ ఒక కట్ట కట్టి కన్సెంట్ అజెండాలో పెడతారు. అభ్యంతరం ఉన్నవారెవరైనా ఉన్నారా అని చైర్మన్ ఒక్కసారి అడుగుతాడు. ఎవరూ మాట్లాడకపోతే కట్ట మొత్తం పాసైపోయినట్టే."

"మాట్లాడితేనండీ?"

"ఆ ఒక్క అంశం కట్టలోంచి బయటికి వచ్చి చర్చకి వెళుతుంది. ఓటున్న మనిషి ఒక్కరు చాలు. కారణం కూడా చెప్పక్కర్లేదు."

ఈ కట్టలో నలభై ఒకటో అంశం అచ్చుతప్పు దిద్దుబాటు వేషంలో ఉంది. చిప్‌ని ముందు కంప్యూటర్‌లో నడిపి పరీక్షిస్తారు. ఒక తీగలో ఉన్నది సున్నానో ఒకటో తేలకపోతే, తెర మీద 'తెలియదు' అని ఎర్రగా కనబడాలి. నలభై ఒకటో అంశం పాసైతే, తెలియనిదాన్ని సున్నా అనుకుని ముందుకి సాగిపోవచ్చు. హెచ్చరిక అక్కర్లేదు. గ్రే గేట్ అమ్మే డిజైన్లలో, బయటివాళ్లు చిప్‌ని తమ చేతిలోకి తీసుకునే దొంగతలుపు సరిగ్గా ఆ తెలియని చోటే దాగి ఉంటుంది. ఇవాళ్టి పరీక్షల్లో అది పట్టుబడుతోంది. రేపు పట్టుబడదు.

"ఆ చిప్పులు గ్యాస్ పైపులైన్ల వాల్వులు తిప్పుతాయి," అన్నారావిడ. "మన తోటల కిందనుంచి ఏం పోతోందో నీకు చెప్పాలా?"

చెప్పక్కర్లేదు.

"ఈ సంగతి మీ అన్న కనిపెట్టేడు. హైదరాబాదు వెళ్లి చెప్పొద్దామని బయల్దేరి, మనసు మార్చుకుని, ముందు మాస్టారితో మాట్లాడాలని వెనక్కి తిరిగేడు."

మిగతా ఓటర్లలో ఎవరికైనా చెప్పి చూడొచ్చు కదా అని అడిగాడు శ్యామ్ బాబు. సగం మంది ఆ కట్ట విప్పి చూడరనీ, మిగిలిన సగంలో గ్రే గేట్ మనిషి ఎవరో తెలియదనీ, చెబితే తమ సోర్సు ప్రాణం పోతుందనీ ఆవిడ జవాబు. ఆ సోర్సు హారిక. స్టాండర్డ్స్ కన్సల్టెంటు. గ్రే గేట్ మనిషిగా తిరుగుతూ ఏజెన్సీకి పని చేస్తున్న డబుల్ ఏజెంట్. అంశం నంబరు చెప్పింది ఆమే.

"అన్న తర్వాత ల్యాబ్ ఓటు మూర్తి మాస్టారిది. మీటింగు ఈ ఉదయమే, ఆన్‌లైన్‌లో. మాస్టారు కూడికకి మీ ఇంటికే వచ్చి ఉన్నారు. ఇవాళ తప్పిపోతే, రేపు ఆ ఒక్క లైను తీసేయించడానికి నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. ఎప్పటికీ రావు. ఆయన చేత ఒక్క మాట అనిపించు."

వెళ్లబోతుంటే ఒక వాచీ, ఒక పెన్ను చేతిలో పెట్టారు. సిగ్నల్ జామర్ దగ్గరలో ఉంటే వాచీ వణుకుతుంది. పెన్నులో సూది ఉంది. గుచ్చితే మనిషి మధ్యాహ్నం దాకా లేవడు.

ఒక్క మాటే కదా అనుకున్నాడు శ్యామ్ బాబు. దారిలో తెల్ల చొక్కా మార్చుకుని మోటార్ సైకిలు రాజోలు వైపు తిప్పాడు.

ఇంటి ముందు షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీల్లో జనం నిండి ఉన్నారు. కీర్తన సాగుతోంది. ముందు వరసలో శారోన్ పాటల పుస్తకం తెరిచి పట్టుకుని ఉంది. పాడడం లేదు. వచ్చిన ప్రతివాళ్లూ ఆమె తల నిమిరి, దేవుడు మంచివాళ్లను ముందుగా పిలుచుకుంటాడని చెప్పి వెళుతున్నారు. ఆమె అందరికీ తల ఊపుతోంది.

మూర్తి మాస్టారు లోపలి గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. మీటింగు మొదలైంది. హాజరు పిలుస్తున్నారు. అమలాపురం అనగానే ఆయన గొంతు సవరించుకుని ఉన్నానన్నారు. పక్క కుర్చీలో హారిక. గంధం రంగు పట్టుచీర, చెవులకు ముత్యాలు, నల్ల కళ్లద్దాలు జుట్టు మీదకి తోసుకుని ఉంది. పెద్దాయనకి మైకు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో తెలియదని, సాయం చేయడానికి కూర్చుందట. వేలు మ్యూట్ బటన్ మీదే ఉంది.

శ్యామ్ బాబుని చూసి ఆమె మర్యాదగా లేచి వరండాలోకి వెళ్లింది. అతను మాస్టారి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నలభై ఒకటో అంశానికి అభ్యంతరం చెప్పమని అడిగాడు.

"చూసేను శ్యామూ," అన్నారు మాస్టారు. "ఎవరో తొందరపడి రాసేరనుకున్నాను. వచ్చే సవరణలో దిద్దుకుందాంలే అనుకున్నాను. మా కమిటీల్లో అది మామూలే."

"వచ్చే సవరణ ఎప్పుడండీ?"

"ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు."

"అప్పటిదాకా ఆగదండీ. ఇవాళే చెప్పాలి."

మాస్టారు తల దించుకున్నారు. జరిగింది మెల్లగా చెప్పారు. రెండు రోజుల క్రితం హారిక పరామర్శకి వచ్చింది. శారోన్ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. మీటింగులో ప్రేమ్ కుమార్‌ కోసం మౌనం పాటిస్తారనీ, వెంటనే ఈ కట్టని ఆయన జ్ఞాపకార్థం ఏకగ్రీవంగా ఆమోదిస్తారనీ, ఆయన పేరెత్తిన చోట ఎవరూ కాదనకుండా ఉంటే ఎంత బాగుంటుందోననీ చెప్పింది. శారోన్ మాస్టారి వైపు తిరిగి, ఆ రోజున గొడవ వద్దండీ అంది. ఆయన ఆయ్ అని మాటిచ్చారు.

"చావింట్లో ఇచ్చిన మాట బాబూ. భర్త పోయిన పిల్ల అడిగితే ఇచ్చేను. ఎలా తప్పమంటావు?"

దొంగతలుపు సంగతి, వాల్వుల సంగతి చెప్పాడు శ్యామ్ బాబు. మాస్టారు అంతా విన్నారు. కానీ మాట మారలేదు.

"నాకు చెప్పకు. మాట తీసుకున్నది ఆ పిల్ల. వదిలేయమని ఆమె అంటే వదిలేస్తాను."

ఆమె ఎందుకు వదులుతుంది? కారణం అడుగుతుంది. ఆ కారణం చెప్పకూడదని ఆర్డరు. శ్యామ్ బాబు చేతికి వాచీ ఉంది, జేబులో పెన్ను ఉంది. ఒక మనిషి ఇచ్చిన మాట విప్పే పరికరం ఏజెన్సీ దగ్గర లేదు.

వరండాలో హారిక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది.

"నంబరు మాకు చెప్పింది మీరే," అన్నాడు.

"చెప్పేనండి. నిజం చెప్పినా పని ఆగని చోట నిజమే చెబుతాను."

"మాట తీసుకుంది కూడా మీరే."

"మీకు నంబరు, వాళ్లకి మాట. రెండు వైపులా పని చేసిపెట్టేను. ఇందులో తుపాకీ లేదు, రక్తం లేదు. మీ ఊరివాళ్ల మర్యాద మీద పందెం కాసేను శ్యామ్ గారూ. అది ఎప్పుడూ ఓడదు."

"రక్తం లేదా?"

ఆమె కళ్లద్దాలు దించుకుంది. "లారీ సంగతి నాకు తెలియదండి."

అది నిజమో అబద్ధమో అతనికి తేలలేదు. ఆమె మళ్లీ లోపలికి వెళ్లి మాస్టారి పక్కన కూర్చుంది.

శ్యామ్ బాబు మెట్లు దిగాడు. స్పీకరు పెట్టె దాటుతుంటే వాచీ వణికింది. జామర్ అందులోనే ఉంది. మైక్ సెట్ మనిషి బల్ల వెనక నిలబడి ఉన్నాడు. ఈ చుట్టుపక్కల మైక్ సెట్ వాళ్లందరూ అతనికి తెలుసు. వీడెవరో తెలియదు. కీర్తన చరణానికీ చరణానికీ మధ్య సౌండు తగ్గించడం కూడా రావడం లేదు. వాడి బొటనవేలు ఒక చిన్న రిమోట్ మీద ఉంది, కళ్లు లోపలి గది కిటికీ మీద ఉన్నాయి. మాట ఒకవేళ తప్పితే లైను తెగిపోవాలి. గ్రే గేట్ పందెం ఒక్కదాని మీదే కాయలేదు.

శ్యామ్ బాబు సౌండు పెంచమని అడుగుతున్నట్టు బల్ల చుట్టూ తిరిగి వెళ్లాడు. వాడు అతని మొహం చూసి చెయ్యి నడుము దగ్గరికి పోనిచ్చాడు. కత్తి సగం బయటికి వచ్చింది. షామియానా గుడ్డ వెనక ఇద్దరూ చప్పుడు లేకుండా పెనుగులాడారు. ఇవతల ఆడవాళ్లు పల్లవి ఎత్తుకున్నారు. కత్తి శ్యామ్ బాబు ముంజేతిని చీరింది. పెన్ను వాడి మెడకి తగిలింది. వాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, రిమోట్ జేబులో వేసుకుని, చెయ్యి రుమాలుతో చుట్టుకున్నాడు. ఒక ముసలమ్మ తొంగిచూసింది.

"ఎండదెబ్బండి," అన్నాడు.

"తాగేడేమో," అని ఆవిడ వెళ్లిపోయింది.

పాట ఆగింది. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. షామియానాలో అందరూ తలలు వంచారు. లోపలి గదిలోనుంచి సన్నగా ఇంగ్లీషు గొంతు వినబడుతోంది. చైర్మన్ ప్రేమ్ కుమార్ పేరు చదువుతున్నాడు. మంచి ఇంజనీరు అంటున్నాడు, ఓపిక గల మనిషి అంటున్నాడు. మౌనం పాటిద్దామన్నాడు. ఇంటి లోపలా బయటా ఒకేసారి నిశ్శబ్దం.

ఈ మౌనం ముగిసేలోగా చెప్పాలి.

అతను వంచిన తలల మధ్యనుంచి వెళ్లి శారోన్ కుర్చీ దగ్గర కూర్చున్నాడు.

"వదినా, లోపలికి రావాలండి. మాస్టారి దగ్గర తీసుకున్న మాట వదిలేయాలి."

ఆమె కళ్లు తెరిచింది. ఎందుకని పెదవులతోనే అడిగింది.

ఆర్డరు అతనికి గుర్తుంది. ఇన్ని రోజులుగా ఈమె దేవుడి చిత్తం అనుకుని నిలబడగలుగుతోందనీ, ఆ కాస్త ఆధారం తాను ఇప్పుడు లాగేస్తున్నాననీ కూడా తెలుసు.

"అన్నది ప్రమాదం కాదండి. చంపేరు. ఆ కట్టలో ఉన్న ఒక మాట ఆపుతాడని చంపేరు. ఆ మాట ఇప్పుడు ఇక్కడే పాసవుతోంది."

ఆమె అతని మొహం చూసింది. తర్వాత రుమాలు మీద రక్తం చూసింది.

"నువ్వు కొబ్బరికాయల ఇన్‌స్పెక్టరువి కావు."

"కాదండి."

"ఆయనకి తెలుసా?"

"తెలియదండి."

శారోన్ పాటల పుస్తకం మూసి కుర్చీలో పెట్టింది. లేచింది. ప్రార్థన మధ్యలో లేచి వెళుతున్న ఆమెను పాస్టరుగారు కూడా చూశారు, చూసి కళ్లు మూసుకున్నారు.

వాళ్లు గదిలోకి వచ్చేసరికి మౌనం ముగిసింది. చైర్మన్ కన్సెంట్ అజెండా అన్నాడు. అభ్యంతరం ఉన్నవారెవరైనా ఉన్నారా అన్నాడు. ఖండాల అవతలనుంచి ఎవరూ పలకలేదు. ఇప్పుడే ఒక చనిపోయిన మనిషి కోసం తలవంచినవాళ్లు.

"మాస్టారూ," అంది శారోన్. "నేనడిగిన మాట వదిలేయండి. అభ్యంతరం ఉందని చెప్పండి."

ఆయన తల ఎత్తి ఆమెను చూశారు. "ఆయ్, అమ్మా," అన్నారు.

హారిక వేలు మ్యూట్ మీదనుంచి కదల్లేదు. తెర మీద చైర్మన్ కాగితాలు సర్దుకుంటున్నాడు. శ్యామ్ బాబు గుమ్మం దగ్గరనుంచి అంగ వేయబోయాడు. ఈలోగా శారోన్ వంగి హారిక చేతి మీద చెయ్యి వేసింది. మొన్న పరామర్శకి వచ్చినప్పుడు హారిక పట్టుకుని కూర్చున్నది ఈ చేతినే.

"చెయ్యి తియ్యమ్మా," అంది. క్లాసులో పిల్లలతో అనే గొంతు. కోపం లేదు, రెండోసారి చెప్పే ఉద్దేశమూ లేదు.

హారిక చెయ్యి తీసింది. ఎందుకు తీసిందో ఆమెకైనా తెలుసో లేదో.

"అభ్యంతరాలు లేవు కనుక," అని చైర్మన్ మొదలుపెట్టాడు.

"ఉందండి," అన్నారు మాస్టారు తెలుగులో. తర్వాత సర్దుకుని ఇంగ్లీషులో, ఆలస్యానికి ముందుగా క్షమాపణ చెప్పుకుని, నలభై ఒకటో అంశాన్ని కట్టలోంచి తీయమని అమలాపురం కోరుతోందన్నారు. కారణం అవసరం లేదని చైర్మన్ అన్నాడు. అయినా మాస్టారు చెప్పారు.

"తెలియనిదాన్ని తెలియదనే చూపించాలి. మా ప్రేమ్ కుమార్ అనేవాడు."

ఆ అంశం చర్చకి పంపించామని చైర్మన్ ప్రకటించి, మిగతా కట్టని పాస్ చేసి, టీ విరామం ఇచ్చాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి హారిక కుర్చీ ఖాళీగా ఉంది. ఎటు వెళ్లిందో, ఎవరి దగ్గరికి వెళ్లిందో ఏజెన్సీకి తెలియలేదు. మైక్ సెట్ మనిషిని మాత్రం ఎండదెబ్బ పేషంటుగా ఒక వ్యాను వచ్చి ఎక్కించుకుపోయింది. వాడు లేచాక కూడా తనను పంపిందెవరో చెప్పలేకపోయాడు. నిజంగానే తెలియదు కాబోలు.

సాయంత్రం ప్రసన్నకుమారి గారు ఫోన్ చేశారు. ఆర్డరు తప్పేవు అన్నారు. ఆయ్ అన్నాడు. ఎంక్వయిరీ కమిటీ వేయాల్సి ఉంటుందన్నారు.

"ఆ కమిటీలోనైనా అభ్యంతరం ఉందా అని అడుగుతారాండీ?"

"అడుగుతారు," అన్నారావిడ. "ఎవరూ చెప్పరు." మీ వదినగారిని చూసుకో అని పెట్టేశారు.

శారోన్ వరండాలో కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తోంది. పొద్దుట్నుంచీ ఏడవలేదు. అతను సాయానికి వెళ్లాడు.

"ఎవరు?" అంది, కుర్చీ ఎత్తుతూనే.

"తెలియదండి."

"అయితే తెలియదనే చెప్పు. రేపు స్కూల్లో అడుగుతారు. ప్రమాదం అని మాత్రం ఇంక నా చేత అనిపించకు."

నలభై ఒకటో అంశం తర్వాతి నెలలో చర్చకి వచ్చి వీగిపోయింది. తెలియని విలువ ప్రతిసారీ కనబడి తీరాలన్న ప్రేమ్ కుమార్ సొంత ప్రతిపాదన కమిటీ ముందు ఉంది. దాని మీద ఇంకా ఓటు జరగలేదు. లారీ నడిపినవాడు ఇంకా దొరకలేదు.